ప్రాథమిక ఆధారం

పారిశ్రామిక విప్లవం నేను చింతపండు పిసుకుతూ చదివేను. ఫ్రెంచి విప్లవం బీరకాయ చెక్కు తీస్తూ చదివేను. ప్రపంచ యుద్ధాలు రెండూ పొయ్యిగట్టు మీదే జరిగేయి, రెండోదాని మీద పోపు చిమ్మింది కూడాను. రతన్‌పూర్ నుంచి ఛత్తీస్‌గఢ్‌ని ఏలిన కలచురులకి మాత్రం కాస్త మర్యాద దొరికింది. వాళ్ళని మంచం మీద కాళ్ళు చాపుకుని చదివేను, ఆ రెండ్రోజులూ మా ఆయన ఊళ్ళో లేరు. నలభై ఆరేళ్ళకి బి.ఏ. చరిత్ర, అదీ హిందీ మీడియంలో, ఓపెన్ యూనివర్సిటీలో ఫీజు కట్టిన ఆడదానికి బల్లా కుర్చీ ఎవరు వేస్తారు చెప్పండి.

"చదువుకో, ఎవరొద్దన్నారు?" అంటారు మా ఆయన ఉదయ్‌కుమార్. చాలా మంచి మాట. కానీ ఆ మాట ఎన్నడూ ఒంటరిగా రాదు. "చదువుకో, ఎవరొద్దన్నారు, అమ్మకి మాత్రలు టైముకి పడితే చాలు." "చదువుకో, ఎవరొద్దన్నారు, ఆదివారం క్లాసుకెళ్తే టిఫినూ వంటా చేసీసి వెళ్ళు." ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా ఆయన హెల్మెట్ తీసుకుని స్కూటరెక్కుతూంటే, "డ్యూటీకెళ్ళు, ఎవరొద్దన్నారు, బట్టలారేసి వెళ్ళు" అని ఎవరైనా అన్నారా? నేననేదాన్నే. అలవాటు లేక అనలేదు.

మాది టెక్కలి. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా పెళ్ళి చేసేరు. "అక్కడికెళ్ళి చదువుకుంటుంది లెండి" అని మా నాన్న, "దానికేటుంది" అని మా మావగారు తాతబ్బాయి, ఇద్దరూ తాంబూలం పళ్ళెం ముందు కూర్చుని నా చదువు సంగతి తేల్చీసేరు. ఇక్కడికొచ్చేక హిందీ కూరల బండి దగ్గర నేర్చుకున్నాను. మా అమ్మాయి సత్యశ్రీ ఉద్యోగానికని రాయ్‌పూర్ వెళ్ళేక, వైశాలి నగర్ ఇంట్లో మేం ముగ్గురమే మిగిలేం, ఆయనా, నేనూ, డెబ్భై దాటిన మా అత్తగారు గున్నమ్మా. అప్పుడు కట్టేను ఫీజు. నాకు చరిత్ర అంటే ఎందుకిష్టమో అడిగితే చెప్పలేను. ఎక్కడో ఎవరో ఎప్పుడో ఒక పని చేసేరని పుస్తకంలో రాసుంటే నాకు ధైర్యంగా ఉంటుంది, అంతే.

పాఠం హిందీలో ఉంటుంది, నా బుర్రలోకి తెలుగులోనే ఎక్కుతుంది. అంచేత ఒక్కో పేరా చదివి, పైకి తెలుగులో చెప్పుకుంటాను. వినేది మా అత్తగారే. వెల్లుల్లి ఒలుస్తూనో, కరివేపాకు దూస్తూనో, మంచం మీంచి వింటారు. నెపోలియన్ ఓడిపోయిన రోజు "పోన్లే, ఆడి పెల్లాం బతికుందా?" అని అడిగేరు. హిట్లర్ మీద ఆవిడకి ఒకటే అనుమానం, "ఆడికి అమ్మ లేదేటే?" అని. పాఠం వినడం ఇష్టమే గానీ, నేను చదవడం ఇష్టమని ఎప్పుడూ అనలేదు. "ఈ వొయిసులో నీకెందుకే" అన్నమాట మాత్రం కాఫీ గ్లాసు అందుకున్నప్పుడల్లా వస్తుంది.

ఆఖరి ఏడాది స్థానిక చరిత్ర మీద ప్రాజెక్టు రాయాలి. స్టడీ సెంటరులో మా మణిమాల మేడం చెప్పేరు: "రాజులూ రాణులూ పుస్తకాల్లో ఉన్నారు. మీ గల్లీలో, మీ ఇంట్లో ముసలివాళ్ళనడగండి. వాళ్ళు చూసింది, చేసింది వాళ్ళ నోటితో విని రాయండి. అదే ప్రాథమిక ఆధారం." మేడం తెలుగావిడే, వాళ్ళాయన ప్లాంటులో పెద్ద ఆఫీసరు. మనిషికొక ఫారం ఇచ్చేరు. చెప్పినవారి పేరు, వయసు, వృత్తి, కింద వాళ్ళ ఒప్పుకోలు సంతకమో వేలిముద్రో. అది లేకపోతే ప్రాజెక్టు తీసుకోరు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు.

నాకు చాలా సులువనిపించింది. మా మావగారి కథ ఈ ఇంట్లో గోడలక్కూడా వచ్చు. పందొమ్మిదొందల యాభై ఎనిమిదిలో పాలకొండ నుంచి రేకు పెట్టితో రావడం, కూలీల బస్తీ క్యాంప్ వన్‌లో చాప మీద పడుకోవడం, ఖలాసీగా చేరి చార్జ్‌మన్‌గా రిటైరవడం, "ఈ ప్లాంటు మా నాన్న చేతుల మీదే లేచింది" అని మా ఆయన ప్రతి పెళ్ళిలోనూ చెప్పడం. మావగారు పోయి ఏడేళ్ళయింది గనక, ఆ కథ అత్తగారి నోటితో చెప్పించి రాసీద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే ఫారం నింపేను. పేరు గున్నమ్మ. వయసు డెబ్భై ఎనిమిది. వృత్తి గృహిణి. సిరాతో రాసేను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడేళ్ళు చరిత్ర చదివినదాన్ని, ఎదురుగా మనిషి కూర్చునుంటే అడగకుండా రాసీసేను చూడండి.

రెండ్రోజుల తరవాత పరీక్ష కోసం పారిశ్రామిక విప్లవం మళ్ళీ తిరగేస్తున్నాను. ఇంగ్లండు బొగ్గు గనుల పేరా వచ్చింది. చదివి తెలుగులో చెప్పుకుంటున్నాను: "గనుల్లో ఆడవాళ్ళు బొగ్గు బుట్టలు వీపు మీద మోసుకుని నిచ్చెనలెక్కేవారు..."

"ఆడోలా?" అన్నారు అత్తగారు.

"అవునత్తమ్మా."

"అది పుస్తకంలో రాసేరేటి?"

"రాసేరు. సర్కారు మనుషులు వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారట."

"అడిగేరా!" ఒలుస్తున్న వెల్లుల్లి చేటలో పడీసేరు. "మరి నన్నెవుడూ అడగలేదే. నానూ మోసేను."

నీళ్ళ బిందెలనుకున్నాను. అదే అన్నాను.

"నీల్లేటే! కాంక్రీటు. పిలాంటులో. తొమ్మిదేల్లు రేజా పన్జేసేను."

రేజా అంటే ఇక్కడ కట్టుబడి దగ్గర తట్ట మోసే ఆడకూలీ. ఈ ఊళ్ళో ఆ మాటని గౌరవంగా పలికినవాళ్ళని నేనింకా చూడలేదు. మా ఇంట్లోనైతే అది తిట్టు. మా ఆయన పనిమనిషి మీద కోపమొస్తే "రేజాలా అరవకు" అంటారు. ఆ మాట మా అత్తగారి నోట్లోంచి, అదీ "నేను" అన్న మాట పక్కన పెట్టుకుని రావడం వింటే నాకు ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. ముసలితనానికి మతి చెదిరిందేమో అనిపించింది, ఆ సంగతి దాచను.

మతి చెదరలేదు. ఆ మధ్యాహ్నమంతా చెప్తూనే ఉన్నారు. పదిహేనేళ్ళకి కాపరానికొచ్చేరు. మావగారికి అప్పటికి ఠేకేదారు, అంటే కంట్రాక్టరు, కింద పని, ఉన్నరోజు ఉంది, లేనిరోజు లేదు. క్యాంపులో గల్లీ గల్లీ ఆడవాళ్ళు పొద్దున్నే తట్ట పట్టుకుని బయల్దేరితే ఈవిడా వెళ్ళేరు. ఫర్నేసుల పునాదులు. కాంక్రీటు పోత మొదలెట్టేక మధ్యలో ఆపకూడదట, ఆపితే అతుకు పడుతుంది. అంచేత ఎండైనా వానైనా ఆ పోత అయ్యేదాకా వరస కదలకూడదు. ఒక తెలుగామె, ఒక ఛత్తీస్‌గఢీ ఆమె, మళ్ళీ తెలుగామె, చేతి మీంచి చేతికి తట్ట. "ఆ పోరీలే నాకు ఆల బాస నేర్పేరు. ఇందీ కంటే ముందు అదే ఒచ్చింది నాకు." కూలీల లెక్క రాసే మున్షీకి గున్నమ్మ అని పలకడం రాక హాజరీలో గున్నీబాయి అని రాసుకున్నాడట. చెప్పి చెప్పి, నా చెయ్యి పట్టుకుని తన నడినెత్తి మీద పెట్టుకున్నారు. అక్కడ చిన్న అప్పడమంత మేర జుట్టుండదు. పాతికేళ్ళకి పైగా ఆ చోట నూనె రాస్తున్నాను, వయసుకి ఊడిందనుకున్నాను. తట్ట కింద తలచుట్ట పెట్టుకున్న చోటట అది.

"మరి ఎందుకు మానేసేరు?"

"నానేటి మానేను? మీ మావకి పర్మనెంటు కాయితం ఒచ్చింది. పర్మనెంటోడి పెల్లాం తట్ట మోస్తే నలుగురూ నవ్వుతారన్నాడు. తట్ట దించీమన్నాడు. ఇంకెవురికీ సెప్పకన్నాడు. సెప్పలేదు."

పిల్లలకి మాత్రం ఒక మాట చెప్పేవారట ఆయన: మీ అమ్మ గడప దాటలేదు, మనింట్లో ఆడవాళ్ళు పనికెళ్ళరు. ఆ మాట ఆయనన్నారు, పిల్లలన్నారు, చివరికి ఆవిడే అన్నారు.

ఎవరితో అన్నారో నాకు తెలుసు. నాతోనే అన్నారు. రెండువేల నాలుగులో మా వీధి చివర ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకి పాఠం చెప్పే పనికి నన్ను రమ్మన్నారు. సోమవారం చేరాలి. ఆదివారం రెండు నేత చీరలు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్నాను. ఇదే మంచం మీంచి ఈవిడే, "మా యింట ఆడోలు పనికెల్లరు. మా వొంశంలో లేదు" అన్నారు. మావగారు పేపరు తిప్పేరు. మా ఆయన "అమ్మ అన్నాక ఇంకేముంది, చదువుకో కావాలంటే" అన్నారు. చీరలు మళ్ళీ బీరువాలో పెట్టీసేను. ఆ ఏడాదంతా ఆ బడి గంట మా వంటింట్లోకి వినిపించేది.

పుస్తకాల్లో అయితే ఇక్కడ కోడలి గుండె కరిగిపోవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. చేట పక్కకి తోసీసి అడిగేను, "అయితే నన్నెందుకాపేరు?"

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేనూ కాఫీ ఇవ్వలేదు ఆ సాయంత్రం. మర్నాడు పొద్దున్న తల దువ్వుతూంటే, నా మొహం కనబడని వైపు కూర్చుని చెప్పేరు. "నువ్వు గంజి సీర కట్టుకుని సంచి ఏసుకుని ఎల్తావు గదా అనుకున్నాను. కడుపు మండింది. నాను తట్ట దించిన్రోజు నాకోసం ఎవుడూ అడ్డం రాలేదు. నీకెందుకు రావాల అనిపించింది. అంతే."

అంతేనట. ఇరవై ఏళ్ళు! క్షమించేనని చెప్పను, క్షమించలేదు. ఇప్పుడు తలుచుకున్నా పళ్ళు బిగుసుకుంటాయి. కానీ ఈ ఇంట్లో నాతో నిజం చెప్పిన మనిషి ఆవిడొక్కర్తే, అదీ నిజమే. దువ్వెన పట్టుకుని ఏడ్చేను. ఎవరికోసం ఏడ్చేనో విడదీసి చెప్పలేను.

వారం రోజులు రాసేను. మావగారి కథ పక్కనపెట్టి, గున్నమ్మ కథ రాసేను. ఫారంలో "గృహిణి" కొట్టేసి పైన "రేజా" అని రాసేను. శుక్రవారం మా ఆయన చార్జరు కోసం వెతుకుతూ ఆ కాగితాలు చూసేరు. హిందీ నా కంటే ఆయనకి బాగా వచ్చు. నిలబడే చదివీసేరు.

"ఇదేటిది?"

"ప్రాజెక్టు."

"దిమాగ్ ఖరాబైందా నీకు? మణిమాల మేడం వాళ్ళాయన మా డీజీఎం. ఆవిడ చేతికి మా అమ్మ రేజా అని రాసిస్తావా? రేపొద్దున ఆంధ్ర సంఘంలో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"అబద్ధం రాయలేదు కదండీ."

"ముసల్ది ఏదో వాగుతాది, నువ్వు రాసుకుంటావు. నాన్న గురించి రాయి. నేనే చెప్తాను, రాసుకో. చదువుకో, ఎవరొద్దన్నారు, ఇంటి పరువు మాత్రం బజారున పెట్టకు." ఫారం బల్ల మీద పడేసి, "దీని మీద అమ్మ వేలెయ్యదు. నేను చెప్తున్నాను" అన్నారు.

సోమవారం ఆఖరి రోజు. వేలు పడకపోతే ఈ ఏడాదికి డిగ్రీ లేదు, మళ్ళీ ఏడాది ఈ ఇంట్లో ఏ మాట అడ్డం వస్తుందో తెలీదు. మావగారి కథ రాసిస్తే మంచి మార్కులే వస్తాయి, అందరూ సంతోషిస్తారు. ఆ రాత్రీ మర్నాడూ అదే ఆలోచన. కోపం సంగతి సరే, ఇంకోటి కూడా నన్ను తొలిచింది. ఆవిడ వెల్లుల్లి ఒలుస్తూ నాకు చెప్పేరు గానీ, పుస్తకానికి చెప్పలేదు. యాభై ఏళ్ళు దాచుకున్నది నా మార్కుల కోసం నేను బయటపెడితే, చెప్పొద్దన్న మావగారికీ చెప్పేస్తున్న నాకూ తేడా ఏముంది? ఆవిణ్ణి ఇద్దరమూ అడగలేదు. చివరికి ఒకటి తేల్చుకున్నాను. మొత్తం ఆవిడకి చదివి వినిపిస్తాను, ఆయన ముందే. వద్దంటే చింపీస్తాను, డిగ్రీ పోతే పోయింది. కానీ ఆవిడ పేరు కింద మావగారి కథ మాత్రం రాయను.

ఆదివారం క్లాసు మానేసేను. మధ్యాహ్నం తల్లీ కొడుకులకి వడ్డించి, గిన్నెలన్నీ ఆయన చేతికందేలా పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన వింతగా చూసేరు. నేను కాగితాలు తీసి మొదలెట్టేను, హిందీ వాక్యం చూసుకుంటూ తెలుగులో.

"ఆపు," అన్నారాయన. "అమ్మా, నువ్వు తిను, అది పట్టించుకోకు."

అత్తగారు తింటూనే ఉన్నారు. నేను ఆపలేదు. కొంచెం దూరం వెళ్ళేక, "ఇటికెలు కాదే, ఇటికెలు మొగోలు మోసేవోరు. కంకరా సిమెంటూ మావి" అన్నారు. పెన్ను తీసి దిద్దేను. ఇంకొంచెం వెళ్ళేక, "మా వొరసలో ఒకామె కడుపు పోయింది, అది రాయలేదేటి? సెప్పేను గదా" అన్నారు. చెప్పలేదు. రాసుకున్నాను.

ఆయన కంచం ముందుకి తోసేరు. "అమ్మా, ఊరుకో. ఏదో రెండ్రోజులు సరదాకి వెళ్ళుంటావు, ఇది దాన్ని పెద్దది చేసి..."

"సరదాకేట్రా?" ఆవిడ ముద్ద కంచంలో పెట్టీసేరు. గొంతు పెద్దది చెయ్యలేదు. "నువ్వు కడుపులో ఉన్నావు. ఏడో నెల దాకా మోసేను. నెత్తి మీద తట్టా, కడుపులో నువ్వూ. పిలాంటు నీకు మీ నాన్న సూపించేడనుకుంటన్నావు. ఆడికి పర్మనెంటు రాకముందే నానే నిన్ను తీసుకెల్లేన్రా."

ఇది నాకూ చెప్పలేదు. ఆయన మొహంలో రంగు మారింది. లేచి చెయ్యి కడుక్కుని, ముందుగదిలోకి వెళ్ళి ఫ్యానేసుకుని కూర్చున్నారు. టీవీ పెడతారనుకున్నాను. పెట్టలేదు.

నేను కంచాలు తియ్యలేదు. ఫారం ఆవిడ ముందు పెట్టేను. అందులో ఏం రాసుందో ఒక్కో గడీ చదివి చెప్పేను. వృత్తి దగ్గర రేజా అన్నప్పుడు తలూపేరు. "ఇష్టం లేకపోతే వద్దత్తమ్మా, నిజంగానే చెప్తున్నాను, చింపీస్తాను" అన్నాను. "ఏ వేలు?" అన్నారు. ఎడమ బొటనవేలికి పెన్ను సిరా రాసేను. ముద్ర శుభ్రంగా పడింది.

"అయిపోయిందా సదవడం?"

ఒక పేరా మిగిలింది. అది చదవకుండా వేలు వేయించుకోవడం తప్పే, నాకు తెలుసు. నోరు రాలేదు అంతవరకూ. ఇప్పుడు చదివేను. "గున్నమ్మ చేత పని మాన్పించిన మాటే తరవాత ఆ ఇంటి ఆచారమైంది. 2004లో ఒక కోడలికి బళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు, గున్నమ్మే ఆ మాట చెప్పి ఆపింది."

ఆవిడ సిరా అంటిన వేలు కొంగుకి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"అదీ రాసీసేవా?"

"రాసేను. ఇది కూడా జరిగిందే కదా. వద్దంటే ఈ పేరా కొట్టేస్తాను."

"కొట్టీకు." కాగితం దగ్గరికి లాక్కున్నారు. "ఒక కోడలేటే? నా పేరు రాసేవు, మీ మావ పేరు రాసేవు. ఆ గుంటకి పేరు లేదేటి?"

నేను ఆవిడ మొహంలోకి చూసేను. ఆవిడ నా వైపు చూడ్డం లేదు, కాగితం వైపే చూస్తున్నారు, చదవడం రాకపోయినా.

"పేరు రాయి," అన్నారు.

"ఒక కోడలికి" అన్న మాట కొట్టేసి, దాని పైన రాసేను: భాగ్యరేఖకి.